ప్లానింగ్ చదువుతున్నారా? మెంటర్‌తో పని ఇలా మొదలుపెట్టండి

సిటీ ప్లానింగ్ చదువంతా స్టూడియో చుట్టూ తిరుగుతుంది. సైట్ ఇస్తారు, సర్వే చేస్తారు, షీట్లు (ప్లాన్ డ్రాయింగులు) వేస్తారు, ఆ పనిని చూసి ప్రశ్నలు అడిగే జ్యూరీ ముందు నిలబడతారు. సెమిస్టర్ అయిపోతే ఆ ప్లాన్ పని కూడా అయిపోయినట్టే. ఉద్యోగంలో అసలు పని అక్కడే మొదలవుతుంది. డ్రాఫ్ట్ బయటపెట్టగానే అభ్యంతరాలు వస్తాయి. నీటి సరఫరా విభాగం ఒకటి అంటుంది, రోడ్ల విభాగం ఇంకోటి అంటుంది. ఒక భూ యజమాని కోర్టుకు వెళ్తాడు. ఇంతలో పాలకవర్గం మారుతుంది. ఇరవై ఏళ్ల కోసం వేసిన మాస్టర్ ప్లాన్‌కు ఆమోదం రావడానికే కొన్నేళ్లు పట్టొచ్చు. ఇదేదీ క్లాసులో కనిపించదు. మెంటర్ అవసరం పడేది ఇక్కడే.

మెంటర్ అంటే సలహాలు చెప్పే పెద్దమనిషి అనుకుంటారు చాలామంది. సలహాలకు కొదవేమీ లేదు, అవి నిలిచేదీ లేదు. ఇద్దరి మధ్య ఒక పని ఉండాలి. ఒక మ్యాప్ కావచ్చు, ఒక పేజీ నోట్ కావచ్చు, ఒక కూడలి కావచ్చు. అలాంటిదేమీ లేకపోతే రెండో నెలకల్లా మాటలు "ఎలా నడుస్తోంది?", "బాగానే ఉంది సర్" దగ్గర ఆగిపోతాయి. కాబట్టి కింద చెప్పే ప్రతి దశలోనూ ఆ పని ఏమిటన్నదే చూసుకుంటూ వెళ్లండి.

1. ముందు మీకు ఏం కావాలో రాసుకోండి

"కెరీర్ గైడెన్స్ కావాలి" అంటే అవతలివాళ్లకు ఏం చెప్పాలో తెలియదు. అదే, "రవాణా ప్లానింగ్‌కు వెళ్లాలా, హౌసింగ్‌కు వెళ్లాలా తేలడం లేదు, రెండింట్లోనూ మొదటి రెండేళ్లు రోజూ ఏం పని చేయిస్తారో తెలుసుకోవాలి" అంటే జవాబు దొరుకుతుంది. "నా థీసిస్‌లో వరద ముంపు ప్రాంతంలోని ఇళ్లకు ఒక ప్రతిపాదన పెట్టాను, అది ఏ అనుమతి దగ్గర ఆగిపోతుందో చూడాలి" అన్నది ఇంకా మంచి ప్రశ్న. రెండు మూడు వాక్యాలు చాలు. రాయలేకపోతే ఇంకో రెండు వారాలు ఆగి, అప్పుడే అడగండి.

2. ఎవరిని అడగాలి

అందరి చూపూ పెద్ద పేర్ల మీదే ఉంటుంది. వాళ్ల దగ్గర సమయం ఉండదు, పైగా మొదటి ఉద్యోగంలో ఎదురయ్యే తికమకలు వాళ్లకు ఎప్పుడో మర్చిపోయిన సంగతులు. నాలుగైదేళ్ల అనుభవం ఉన్నవాళ్లయితే నిన్న మొన్నటి విషయంలా చెప్తారు. ప్లాన్ ఎందుకు మారింది, ఒప్పందం ఎక్కడ కుదిరింది లాంటివి తెలియాలంటే మాత్రం సీనియర్లే కావాలి. మీరు రాసుకున్న అవసరాన్ని బట్టి తేల్చుకోండి.

ఆ మనిషి ఏ కుర్చీలో కూర్చున్నారన్నది కూడా ముఖ్యం. ఒకే రోడ్డు విస్తరణ అభివృద్ధి సంస్థలో పనిచేసే ప్లానర్‌కు ఒకలా, కన్సల్టెన్సీలో ఉన్నవారికి ఇంకోలా, ఇళ్లు పోతున్నవాళ్ల తరఫున పనిచేసేవారికి మరోలా కనిపిస్తుంది. ప్లానర్ ఎవరో ఒక వర్గం తరఫున, వకీలులా వాదించవచ్చని అమెరికన్ ప్లానర్ పాల్ డేవిడాఫ్ 1965లోనే రాశారు. అది చదివి పరీక్ష రాసేస్తాం. అలా పనిచేస్తున్న మనిషి పక్కన కూర్చుంటేనే దానివల్ల వచ్చే చిక్కులు తెలుస్తాయి.

ప్లానింగ్ డిగ్రీ ఉన్నవాళ్లే మెంటర్ కావాలన్న పట్టుదల వద్దు. ప్లానర్ల ఆలోచననే మలుపు తిప్పిన జేన్ జేకబ్స్‌కు ప్లానింగ్ డిగ్రీ లేదు, ఆవిడ పత్రికా రచయిత్రి. మీ అంశాన్ని బట్టి ఒక ట్రాఫిక్ ఇంజనీరు, ల్యాండ్ సర్వేయరు, అద్దెదారుల హక్కుల కోసం తిరిగే కార్యకర్త ఎక్కువ ఉపయోగపడొచ్చు.

ఎక్కడ దొరుకుతారంటే, వృత్తి సంఘాల్లో, పాత విద్యార్థుల్లో, ఇంటర్న్‌షిప్ చేసిన ఆఫీసుల్లో. నా ఓటు మాత్రం మీ జ్యూరీకి వచ్చిన బయటి నిపుణులకు. అందులోనూ మిమ్మల్ని ఎక్కువ మెచ్చుకున్నవారి కంటే, మీకు జవాబు తోచని ప్రశ్న వేసినవారికి.

3. మొదటి మెసేజ్

అందులో "మీరు నాకు మెంటర్‌గా ఉంటారా?" అని అడగకండి. ముక్కూ మొహం తెలియని మనిషికి అది ఎంతకాలం మోయాలో తెలియని బరువు. చిన్నది అడగండి. ఇలా:

"నమస్కారం మేడమ్. నేను ప్లానింగ్ పీజీ మూడో సెమిస్టర్ చదువుతున్నాను. గత నెల మా జ్యూరీలో బస్ టెర్మినల్ ప్రతిపాదన చూసి, 'ఈ స్థలం ఎవరి పేరు మీద ఉంది?' అని మీరు అడిగారు. మా టీమ్‌లో ఎవరి దగ్గరా జవాబు లేదు. తర్వాత రికార్డులు చూస్తే ఆ స్థలం మూడు ప్రభుత్వ విభాగాల మధ్య ఉందని తేలింది. ఇలాంటి చోట ప్రాజెక్టు ఎలా ముందుకు వెళ్తుందో తెలుసుకోవాలని ఉంది. నాకు అర్థమైనంత వరకు ఒక పేజీ నోట్ రాశాను, జత చేస్తున్నాను. వచ్చే రెండు వారాల్లో మీకు వీలున్న రోజు ఇరవై నిమిషాలు ఫోన్‌లో మాట్లాడగలరా? కుదరకపోయినా పర్వాలేదు మేడమ్."

ఇందులో పొగడ్త లేదు, జీవిత చరిత్ర లేదు. మీరు అప్పటికే కొంత పని చేశారన్న సంగతి మాత్రం కనిపిస్తుంది. పది రోజుల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తు చేయండి. అప్పటికీ రాకపోతే వదిలేసి ఇంకొకరిని చూసుకోండి. దీన్ని మనసుకు తీసుకోవద్దు. ఆఫీసుల్లో నోటిఫికేషన్ గడువు ముంచుకొచ్చిన వారాల్లో ఇంట్లోవాళ్ల మెసేజ్‌లకే జవాబు ఉండదు.

4. మొదటి భేటీలో తేల్చుకోవాల్సినవి

ఫోన్‌లో మాట్లాడటం బాగా కుదిరితే, అప్పుడు అడగండి: "మూడు వారాలకోసారి అరగంట చొప్పున ఆరు నెలలు మీకు వీలవుతుందా సర్?" గడువు చెప్పి అడిగితే ఒప్పుకోవడం తేలిక, కాదనడం కూడా తేలిక. వాట్సాప్‌లో మధ్యమధ్యలో ప్రశ్నలు అడగొచ్చా, మెయిల్ మాత్రమేనా అన్నది కూడా అప్పుడే అడిగేయండి. కలుసుకునేది ఆఫీసులోనో కాలేజీలోనో నలుగురు మసలే చోటనో ఉండాలి. ఇది ఇద్దరికీ మంచిది.

5. మధ్యలో పెట్టాల్సిన పని

ఈ మొత్తంలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది దీని మీదే. నేను గట్టిగా చెప్పేవి మూడు.

మొదటిది, మీ షీట్ ఒకటి తీసుకెళ్లి పక్కన కూర్చోవడం. పోర్ట్‌ఫోలియో అంతా వద్దు, ఒక్క షీట్ చాలు. జ్యూరీలో కాన్సెప్ట్ గురించి అడుగుతారు. అనుభవం ఉన్న ప్లానర్ చూపు ముందు మూలల మీదికి వెళ్తుంది. బేస్ మ్యాప్ (ప్లాన్ గీయడానికి ఆధారంగా తీసుకున్న మ్యాప్) ఏ ఏడాదిది? ఈ హద్దు ఎక్కడి నుంచి తెచ్చారు? స్కేలు సరిగ్గా ఉందా? ఏ1 సైజులో 1:2000 అని వేసిన షీట్‌ను ఏ3 మీద ప్రింట్ తీసి పట్టుకెళ్తారు. ఏ1 పొడవు, వెడల్పుల్లో సగం ఏ3. అంటే మీ చేతిలో ఉన్నది ఇప్పుడు 1:4000. కాగితం మీద సెంటీమీటరు ఇరవై మీటర్లు కాదు, నలభై. దాని మీద ఎవరైనా స్కేలు పెట్టి కొలిస్తే ఇరవై నాలుగు మీటర్ల రోడ్డు పన్నెండు మీటర్లుగా తేలుతుంది. అందుకే అంకెల స్కేలు పక్కన గీతల స్కేలు కూడా వేస్తారు. కాగితంతో పాటే అదీ చిన్నదవుతుంది కాబట్టి లెక్క తప్పదు. స్టూడియోలో దీనికి అర మార్కు పోతుందేమో. ఆఫీసులో అయితే ఒకరి ప్రహరీ గోడ రోడ్డులోకి వస్తుందా లేదా అన్నది అక్కడే తేలాలి.

రెండోది, కలిసి నడవడం. ప్లాన్‌కు ముందు సర్వే అన్న స్కాట్లాండ్ ప్లానర్ ప్యాట్రిక్ గెడ్డిస్ మాటను మొదటి సెమిస్టర్‌లోనే రాసుకుంటాం. జేన్ జేకబ్స్ పేరిట 2007లో టొరంటోలో మొదలైన, జనం కలిసి తమ వీధులు చూస్తూ చేసే నడకలు ఇప్పుడు ఎన్నో దేశాల్లో జరుగుతున్నాయి. మీకు అంత హడావుడి అక్కర్లేదు. మెంటర్ ఆఫీసుకు దగ్గర్లో ఒక కూడలి ఎంచుకుని నలభై నిమిషాలు గడపండి.

అక్కడ చేయాల్సింది ఇది. రోడ్డు దాటే చోట వెడల్పు కొలవండి. పద్దెనిమిది మీటర్లు వచ్చిందనుకుందాం. పాదచారుల సిగ్నల్ ఎన్ని సెకన్లు ఉంటుందో ఫోన్‌లో టైమ్ చూడండి. మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడన్న లెక్క చాలాకాలంగా వాడుకలో ఉంది. ఆ లెక్కన పదిహేను సెకన్లు చాలు. ఇప్పుడు చేతికర్రతో దాటుతున్న ఒక పెద్దాయన్నో, చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లినో చూడండి. సెకనుకు 0.8 మీటర్లు నడిస్తే అదే రోడ్డుకు ఇరవై రెండున్నర సెకన్లు కావాలి. సిగ్నల్ మారే సమయానికి వాళ్లు ఇంకా ఆరు మీటర్ల ఇవతలే ఉంటారు. అమెరికా ట్రాఫిక్ మాన్యువల్ 2009లో ఈ వేగాన్ని సెకనుకు 4 అడుగుల (అంటే ఆ 1.2 మీటర్ల) నుంచి 3.5 అడుగులకు తగ్గించింది. ఇక్కడిదాకా మీ అంతట మీరే రావచ్చు. మెంటర్ పక్కన ఉన్నందువల్ల దొరికేది తర్వాతి ప్రశ్నకు జవాబు: "ఆ ఏడున్నర సెకన్లు పెంచాలంటే ఎవరిని ఒప్పించాలి సర్?" ట్రాఫిక్ పోలీసునా, సిగ్నళ్లు చూసే ఇంజనీర్లనా, కార్ల లైను పెరిగితే ఫోన్ చేసే వార్డు ప్రతినిధినా? ఆ ముగ్గురితో మాట్లాడి చూసిన మనిషి చెప్పేది పుస్తకంలో దొరకదు.

మూడోది, అభ్యంతరాలకు జవాబు రాయడం. ఇప్పటికే అమల్లోకి వచ్చిన ఒక ప్లాన్ తీసుకోండి. దాని మీద వచ్చిన అభ్యంతరాలు, వాటికి ఇచ్చిన జవాబులు బహిరంగంగా ఉంటే వాటిలోంచి మూడు అభ్యంతరాలు ఎంచమని మెంటర్‌ను అడగండి. జవాబులు చూడకుండా ఒక్కోదానికి అరపేజీ మీరు రాయండి. తర్వాత అసలు జవాబుతో పోల్చుకోండి. విద్యార్థి జవాబు సాధారణంగా "మిశ్రమ భూ వినియోగం వల్ల నగరానికి కలిగే లాభాలు" అంటూ మొదలవుతుంది. ఆఫీసు జవాబు అలా ఉండదు. అభ్యంతరం గడువులోగా వచ్చిందా, చెప్పిన సర్వే నంబరు ఏ షీట్‌లో ఉంది, పక్క స్థలానికి ఏ జోన్ ఇచ్చారు, అడిగిన మార్పుకు నియమాల్లో చోటుందా అన్నవి వరుసగా తేలాకే అభిప్రాయం వస్తుంది. ఆ వరుస వంటబట్టడానికి మూడు జవాబులు చాలు.

ఇదే సందర్భంలో అడగదగ్గ ప్రశ్న ఇంకోటి ఉంది. ప్రజల భాగస్వామ్యానికి షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో చెప్పిన ఎనిమిది మెట్ల నిచ్చెన మీకు తెలిసే ఉంటుంది: పైకి వెళ్లే కొద్దీ నిర్ణయంలో ప్రజల అధికారం పెరుగుతుంది. "మీరు నడిపిన చివరి ప్రజాభిప్రాయ సేకరణ సభ ఏ మెట్టు మీద ఉంది మేడమ్?" అని అడగండి. అడిగే తీరులో తప్పు పట్టే ధోరణి లేకపోతే చాలామంది నిజాయితీగానే చెప్తారు. మూడో మెట్టు (సమాచారం చెప్పడం), నాలుగో మెట్టు (అభిప్రాయం అడగడం) అని నవ్వేసి, ఐదో మెట్టు ఎక్కలేకపోవడానికి కారణాలు చెప్పుకొస్తారు. అవి తప్పకుండా రాసుకోండి.

6. అడగకూడనివి, ఫొటో తీయకూడనివి

మిగతా వృత్తుల మెంటరింగ్‌లో లేని ప్రమాదం ఒకటి మన దగ్గర ఉంది. డ్రాఫ్ట్ ప్లాన్‌లో ఒక గీత పక్కకు జరిగితే భూమి ధర మారిపోతుంది. వ్యవసాయ జోన్ నివాస జోన్‌గా మారబోతోందనో, కొత్త రింగ్ రోడ్డు ఫలానా వైపు నుంచి వెళ్తుందనో ముందే తెలిసినవాడు డబ్బు చేసుకుంటాడు. మీకు ఆ ఉద్దేశమే లేకపోవచ్చు. ఇంటికెళ్లి భోజనం దగ్గర మాటవరసకు అన్నా, అది రెండు ఫోన్లు దాటేసరికి స్థలం కొనేవాడి దాకా చేరుతుంది.

కాబట్టి బయటికి వచ్చిన పత్రాల గురించి, ముగిసిన ప్రాజెక్టుల గురించి మాత్రమే అడగండి. మెంటర్ లాప్‌టాప్‌లో డ్రాఫ్ట్ తెరిచి ఉంటే స్క్రీన్‌షాట్లు, ఫొటోలు వద్దు. "ఇది బయట చెప్పొచ్చా సర్?" అని అడగడం అలవాటు చేసుకోండి. థీసిస్‌కు డేటా కావాలంటే కాలేజీ లెటర్‌తో ఆఫీసును అడగండి, పెన్‌డ్రైవ్‌లో వేయించుకోకండి. కన్సల్టెన్సీలో ఉన్న డేటా చాలాసార్లు వాళ్లది కాదు, క్లయింటుది. అమెరికాలో ధ్రువీకరణ పొందిన ప్లానర్ల నీతి నియమావళిలోనూ, క్లయింటు గోప్యంగా ఉంచమన్న సమాచారాన్ని బయటపెట్టకూడదని, సొంత లాభానికి వాడుకోకూడదని ఉంది. మెంటర్ మీ కోసం ఆ గీత దాటుతుంటే మీరే ఆపండి. "పర్లేదులే, నువ్వే కదా" అన్నా సరే.

ఇంకో సంగతి. "ఈ లేఅవుట్ డ్రాయింగ్ కాస్త వేసిపెట్టు" అన్న మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. నేర్పడం కోసం ఇచ్చిన పనికీ, ఆఫీసు పనికీ తేడా ఉంది. ఆ డ్రాయింగ్ క్లయింటుకు వెళ్తుందంటే అది ఆఫీసు పనే. "ఇంటర్న్‌షిప్ లెటర్, స్టైపెండ్ ఇప్పించగలరా మేడమ్?" అని మర్యాదగా అడగండి. అడిగినందుకు మొహం మాడ్చుకునేవారితో ముందుకు వెళ్లకపోతేనే మేలు.

7. ప్రతి భేటీ తర్వాత

అదే రోజు రాత్రి ఐదారు లైన్ల మెయిల్ పంపండి: ఏం మాట్లాడుకున్నాం, నేను ఏం చేస్తాను, ఎప్పటిలోగా. చేయలేకపోతే గడువుకు ముందే చెప్పండి. ఈ మెయిళ్లను దాచుకుంటే తర్వాత కూడా పనికొస్తాయి. ఉదాహరణకు బ్రిటన్‌లో 1914లో ఏర్పడిన రాయల్ టౌన్ ప్లానింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో చార్టర్డ్ సభ్యత్వం కావాలంటే, తాను చేసిన పనిని, అందులో తన నిర్ణయాలను అభ్యర్థి స్వయంగా రాసి చూపాలి. ఆ అలవాటు లేనివాళ్లకు రెండేళ్ల పని ఒక్క పేజీలో చెప్పడం కష్టం.

మెంటర్‌గా ఉన్నవారికి

విద్యార్థి షీట్‌లో ముప్పై తప్పులు కనిపిస్తాయి. మూడు చెప్పండి. ముప్పై చెప్తే ఏది ముఖ్యమో తెలియక అన్నీ సరిచేయబోతారు, ఏదీ సరిగ్గా రాదు.

పాత కథలు చెప్పాలనిపిస్తుంది, చెప్పండి. కానీ "అప్పట్లో మేం ఎలా నెట్టుకొచ్చామంటే" దగ్గర ఆగకుండా, అప్పుడు మీ ముందున్న దారులేమిటి, వాటిలో ఒకటే ఎందుకు ఎంచుకున్నారు అన్నదాకా వెళ్లండి. "నేను ఏ ఫీల్డ్‌లోకి వెళ్లాలి సర్?" అని అడిగితే జవాబు చెప్పకండి. రెండు ఆఫీసుల్లో ఒక్కో రోజు కూర్చునే ఏర్పాటు చేయండి. ఒకేసారి ఇద్దరికి మించి విద్యార్థులను తీసుకోకండి. మీరు మెంటర్‌గా ఉన్న విద్యార్థి జ్యూరీలో మీరూ ఉంటే ఆ సంగతి ముందే కాలేజీకి చెప్పి, మార్కులు వేయకుండా పక్కకు తప్పుకోండి.

వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సినవీ ఉన్నాయి. మ్యాపులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం, 2004లో మొదలైన, ఎవరైనా చేర్చగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా కూడా ఉచితమే. ఇప్పటి విద్యార్థులు ఈ రెండూ కలిపి, ఒక బస్టాప్‌కు పది నిమిషాల నడక దూరంలో ఏయే వీధులున్నాయో ఒక సాయంత్రంలో మ్యాప్ చేసి చూపిస్తారు. "నాకూ నేర్పు" అని అడిగితే మీ స్థాయేమీ తగ్గదు. పైగా ఆ రోజు నుంచి విద్యార్థికి మీతో మాట్లాడాలంటే ఉండే టెన్షన్ సగం పోతుంది.

8. ఎక్కడ ఆపాలి

అనుకున్న గడువు వచ్చాక ఆపడం మంచిది. మెంటరింగ్ మీద 1983లో పరిశోధన ప్రచురించిన క్యాతీ క్రామ్ ఈ బంధంలో నాలుగు దశలున్నాయని చెప్పారు: మొదలవడం, పెరగడం, విడిపోవడం, కొత్త రూపంలో కొనసాగడం. మన దగ్గర మూడో దశే సరిగ్గా జరగదు. ఎవరూ ఏమీ అనకుండా మెసేజ్‌లు తగ్గిపోతాయి, తర్వాత పలకరించడానికే మొహమాటం. అందుకే ఆరో నెలలో మీరే చెప్పండి: "ఇది మనం అనుకున్న చివరి భేటీ సర్. అప్పుడప్పుడు ఏదైనా సందేహం వస్తే అడగొచ్చా?" మధ్యలోనే కుదరడం లేదనిపిస్తే కూడా ఇంతే సూటిగా చెప్పండి. "థీసిస్ అంశం మారింది మేడమ్, ఇన్నాళ్లు సమయం ఇచ్చినందుకు థాంక్స్" అంటే ఎవరూ నొచ్చుకోరు.

తర్వాత సిఫార్సు లెటర్ అవసరం పడుతుంది. కనీసం మూడు వారాల ముందు అడగండి. ఏ ఉద్యోగానికో ఏ కోర్సుకో ఆ ప్రకటన, మీ తాజా సీవీ, మీరిద్దరూ కలిసి చేసిన పనుల్లో రెండింటి గురించి నాలుగు లైన్లు, చివరి తేదీ, లెటర్ ఎవరికి పంపాలో ఆ చిరునామా అన్నీ ఒకే మెయిల్‌లో పెట్టండి. లెటర్ మీరే రాసి సంతకం చేయమని పంపకండి, వాళ్లు అడిగితే తప్ప. ఫలితం వచ్చాక, అది ఏదైనా సరే, ఒక లైను రాసి చెప్పండి.